వికలాంగుల వకాల్తా

(అంతర్జాతీయ వికలాంగుల దినమైన డిసెంబరు 3వ తేదీని మా పట్టణ గ్రంథాలయమునందు చేసిన ఉపన్యాసము)



ఈ సభను మేడమీది హాలులో జరుపవలెనని కార్యదర్శిగారు మొదట నిశ్చయించి ఆహ్వాన పత్రికలు కూడ వేయించిరి. ఆ హాలు విశాలమైనది, పంకాలున్నవి, గోడలమీద దేశనాయకుల పటములున్నవి. అయినను సభను క్రింది వరండాలోనికి దింపవలసినదిగా మేము వారిని ప్రార్థించితిమి. ఇందువలన మీరిరుకుగా కూర్చుండవలసి వచ్చినది. వెనుకనున్నవారికి మా మాటకంటె వీధిచప్పుడే ఎక్కువగా వినబడుచుండును. ఈ కష్టమునకు మమ్ము క్షమింపుడు. ఎవరినిగూర్చి ఈ సభ జరుగుచున్నదో వారిలో ముగ్గురు చక్రముల కుర్చీలలో వచ్చి ముందువరుసయందున్నారు. సభ మేడమీదనే జరిగియుండినచో మనము వారినిగూర్చి మాటలాడుకొనుచుందుము. వారు వీధిలో నుందురు.

వికలాంగులయెడ దయ చూపుడని చెప్పుటకు మేము రాలేదు. ఆ మాట మీకు బాల్యమునుండి పెద్దలు చెప్పియే యున్నారు. గుడిమెట్లమీద చిల్లర వేయని చేయి మన ఊర లేదు. మేము కొందరము వకీలులము చేరి వికలాంగులకు న్యాయసేవ చేయుటకై పదునైదేండ్లనుండి ఒక కచ్చేరిని నడుపుచున్నాము. అందు మేమేమి నేర్చితిమో, ఎచ్చట తప్పితిమో, ఇకముందు దాని నెవరు నడుపవలెనో చెప్పుటకు వచ్చితిమి. ఈ కడపటి విషయమున మా వకీలు మిత్రులలో అభిప్రాయభేదము కలదు. దానిని దాచక మీయెదుట పెట్టుచున్నాము.

మొదట చట్టము సంగతి. ధృతరాష్ట్రుడు జ్యేష్ఠుడయ్యును గ్రుడ్డివాడగుటచే రాజ్యము పాండురాజునకు పోయెనని భారతము వినిన ప్రతివారికిని తెలియును. ఇది రాజుల కథ మాత్రమే కాదు. మితాక్షర ధర్మమును అనుసరించిన మన పూర్వుల ఇండ్లలో పుట్టుగ్రుడ్డికిని, చెవిటికిని, మూగకును తండ్రి ఆస్తిలో భాగము లేదు. అన్నదమ్ములు పెట్టు కూడు, ఇచ్చు గుడ్డ మాత్రమే కలవు. 1928వ సంవత్సరపు 12వ చట్టము ఈ అన్యాయమును చాలవరకు తొలగించినది. అంగవైకల్యము గాని రోగము గాని కలదను కారణమున ఎవరికిని భాగము పోరాదని విధించి, పుట్టుకనుండి మతిలేనివారిని మాత్రము ఆ రక్షణకు వెలుపల నుంచినది. 1956లో వచ్చిన హిందూ వారసత్వ చట్టపు 28వ సెక్షను ఆ మినహాయింపును కూడ లేకుండ చేసినది. ఈ రెండు సంవత్సరములను మీరు జ్ఞాపకముంచుకొనుడు. కొంతసేపటికి వీనితో మాకు పని కలదు.

తరువాతి చట్టములను త్వరగా చెప్పెదము. నిరుపేదకు ఉచిత న్యాయసహాయము చేయుట ప్రభుత్వ ధర్మమని 39ఎ అధికరణము 1976 సవరణచే రాజ్యాంగమున చేరినది. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టపు 12వ సెక్షను వికలాంగులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా వకీలు నీయవలెనని చెప్పుచున్నది. ఈ ఒక్క సంగతి తెలియక ఫీజుకొరకు గేదెను అమ్ముకొనిన కుటుంబమును మేమెరుగుదుము. 1995లో వికలాంగుల చట్టము వచ్చెను. అందు ఏడు విధముల వైకల్యములు చెప్పబడినవి. ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశము 2007లో ఆమోదించిన పిమ్మట 2016లో వికలాంగుల హక్కుల చట్టము వచ్చి 2017 ఏప్రిల్ 19నుండి అమలులోనికి వచ్చినది. ఇందు ఇరువదియొక్క విధములు కలవు. ఇటీవల ప్రభుత్వములు ‘దివ్యాంగులు’ అనియు, ‘విభిన్న ప్రతిభావంతులు’ అనియు క్రొత్త పేర్లు పెట్టినవి. పేరు మార్చినందున మెట్టు ఎత్తు తగ్గదు. మాయొద్దకు వచ్చినవారిని ఏమని పిలువవలెనో వారినే అడుగుచున్నాము.

1995 చట్టము వచ్చిన క్రొత్తలో మేము కాలేజీ విద్యార్థులము. 2001 జనాభా లెక్కలలో వికలాంగులను కూడ లెక్కింపవలెనని దేశమంతట ఉద్యమము జరిగినప్పుడు మేమును వాలంటీర్లమై కాగితములు పట్టుకొని ఇల్లిల్లు తిరిగి సంతకములు చేయించితిమి. లెక్కలో లేనివానికి హక్కులో చోటెట్లు వచ్చును? ఆ ఉద్యమము గెలిచినది. 2011 లెక్కల ప్రకారము దేశమున 2 కోట్ల 68 లక్షలమంది వికలాంగులు. వారిలో మూడింట రెండువంతులకు పైగా పల్లెలవారు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 22 లక్షల 66 వేలమంది. ఆ వాలంటీరు దినములలో మాకు కలిగిన ఉత్సాహమే న్యాయశాస్త్రము చదివిన పిమ్మట ఈ కచ్చేరి స్థాపించుటకు కారణమైనది. ఉత్సాహము మంచిదే. కాని ఉత్సాహవంతునికి తన తప్పు త్వరగా కనబడదు.

కచ్చేరి మొదట బజారులో ఒక బట్టల దుకాణముపై మేడగదిలో నుండెను. మెట్లు పదునెనిమిది. రెండేండ్లు ఆ గదిలో కూర్చుండి ప్రభుత్వ భవనములకు వాలుదారులు లేవని అర్జీలు వ్రాసితిమి. ఒకనాడు మధ్యాహ్నము భోజనమునకై దిగుచుండగా క్రిందిమెట్టుమీద ఒక మనిషి కూర్చుండియుండెను. పోలియోచే రెండు కాళ్లును పడిపోయినవి. ప్రక్కన మూడుచక్రముల బండి. ఎవరి కొరకని యడిగితిమి. “వకీలుగారి కోసమండి. పొద్దున తొమ్మిదింటికి వచ్చాను. టీ అబ్బాయితో చీటీ పంపాను” అనెను. ఆ చీటీ మా గుమాస్తా బల్లమీదనే యుండెను. పైకి రాలేని కక్షిదారు ఉండునని అతనికి తోచలేదు. అంతకుముందు రెండు పర్యాయములు వచ్చి తిరిగి పోయితినని ఆయన చెప్పెను. ఆయన బడ్డీకొట్టును తొలగింతుమని నోటీసు వచ్చినది. సమాధానమిచ్చు గడువు మొన్ననే తీరిపోయినది.

ఆ నెలాఖరునకు మేము మేడగది ఖాళీచేసితిమి. ఇప్పుడున్న గది చిన్నది, అద్దె ఎక్కువ. వర్షమువచ్చిన గుమ్మములోనికి నీరు వచ్చును. అయినను గుమ్మము నేలకు సమముగా నున్నది. ఆ మనిషి బడ్డీకొట్టు మాత్రము పోయినది. గడువు తప్పిన పిదప మేము వ్రాసిన కాగితములు దానిని నిలుపలేకపోయినవి.

ఇంతకంటె పెద్ద తప్పును ఇప్పుడు చెప్పవలెను. 2012లో ఒక అన్న తన చెల్లెలిని మా కచ్చేరికి తీసికొని వచ్చెను. ఆమెకు వినబడదు, మాట రాదు, వయస్సు ముప్పది, అవివాహిత. తండ్రి పోయిన పిమ్మట మూడెకరముల మాగాణిని పంచుకొనుటకు అన్నదమ్ము లిరువురికి తగవు. అన్నయు చెల్లెలును ఒక పక్షము. ఇద్దరి వకాలత్నామాలు మేమే పుచ్చుకొంటిమి. “దాని మాట నేను చెప్తాను కదండీ, మీకెందుకు శ్రమ?” అని అన్నగారనిరి. మాకును శ్రమ తప్పినందుకు సంతోషమే కలిగెను. దావా లోక్ అదాలత్‌లో రాజీ అయినది. భూమి అన్నదమ్ము లిరువురికిని సగము సగము. చెల్లెలిని బ్రతికినన్నాళ్లు అన్న పోషించునట్లు. ఇది సమ్మతమేనా యని ఆమె నడిగిరి. అన్న చేతితో ఏదో సైగచేసెను. ఆమె తలయూపి సంతకము చేసెను.

సంతకము చేసెనను సంగతి మీరు గమనింపుడు. ఆమె బధిరుల పాఠశాలలో అయిదవ తరగతివరకు చదివినది. తెలుగు వ్రాయగలదు. ఒక కాగితమును, ఒక పెన్సిలును ఆమె చేతికిచ్చి “నీకేమి కావలెను?” అని వ్రాసి చూపినయెడల ఆ మధ్యాహ్నమే సంగతి తెలిసియుండెడిది. ఏడాదికి పైగా దావా నడిచినను ఆ కాగితము మేమీయలేదు.

మూడేండ్లకు ఆమె ఇల్లు వెడలవలసి వచ్చెను. చిన్ననాటి బధిర స్నేహితురాలిని వెంటబెట్టుకొని మా కచ్చేరికి వచ్చి, మా బల్లమీది కాగితమే తీసికొని, “నా భూమి ఏది?” అని వ్రాసెను.

1928లో శాసనసభ దేనిని కొట్టివేసినదో దానినే మేము మా ఊరి లోక్ అదాలత్‌లో మరల నిలిపితిమి. చెవిటిదానికి భాగము లేదు, కూడుగుడ్డ మాత్రమే. వికలాంగుల సేవకని బోర్డు కట్టుకొనిన వకీలులమే ఆ పని చేసితిమి. లోక్ అదాలత్ అవార్డుపై అప్పీలు లేదని న్యాయవాదులైన మీలో కొందరెరుగుదురు. హైకోర్టులో రిట్ ఒక్కటియే దారి. దానికిని హేతువులు మిక్కిలి తక్కువ. ఆ రిట్ మేము వేయతగము గనుక మరియొక వకీలు వేసెను. ఆమె సమ్మతిని మేము ఎన్నడును స్వయముగా తెలిసికొనలేదని మేమే అఫిడవిట్ దాఖలు చేసితిమి. తోటి వకీలులు కొందరు మమ్ము పిచ్చివారనిరి. నాలుగేండ్లకు అవార్డు రద్దయి దావా మొదటికి వచ్చినది. తుదకు ఆమె భాగము ఆమెకు వచ్చినది. ఆ ఏండ్లన్నియు ఆమె స్నేహితురాలి ఇంట కుట్టుపని చేసికొని గడపెను.

ఈ దావాలో మేము నేర్చినదానిని 2016 చట్టపు 13వ సెక్షను ఇప్పుడు స్పష్టముగా చెప్పుచున్నది. వికలాంగునికి తక్కినవారితో సమానముగా వ్యవహారాధికారము కలదు. అతనికి సహాయము చేయువాని ప్రయోజనము ఒక ఆస్తి వ్యవహారమున అతని ప్రయోజనమునకు విరుద్ధమైనప్పుడు ఆ సహాయకుడు దానినుండి తప్పుకొనవలెను. అన్నగారు దుర్మార్గుడని మేము చెప్పుట లేదు. చెల్లెలిని తానే సాకవలసియుండ ఆమెకు వేరు భూమి ఏలయని ఆయన నిజముగానే తలచియుండును. మన ఊరిలో నూటికి తొంబదిమంది అట్లే తలతురు. వకీలు తలపరాదు. మా తప్పు అచ్చటనే యున్నది.

అప్పటినుండి కచ్చేరికి కొన్ని కట్టుబాట్లు పెట్టుకొంటిమి. మొదటి పావుగంట కక్షిదారును ఒంటరిగా చూతుము. తీసికొనివచ్చినవారు, తల్లియైనను సరే, వెలుపల బెంచీమీద కూర్చుండవలెను. మాట రానివారితో వ్రాసి మాటలాడుదుము. వ్రాత రానివారికి సైగల భాష తెలిసిన దుబాసిని పిలిపింతుము. పూర్వము రేవుపట్టణములలో దొరలకును వర్తకులకును నడుమ దుబాసీలుండిరి. అప్పుడు లాభముకొరకు దొరకిన దుబాసి ఇప్పుడు న్యాయముకొరకు దొరకుట కష్టముగా నున్నది. సాక్షి మాటలాడలేనప్పుడు దుబాసి సహాయము తీసికొని ఆ వాఙ్మూలమును వీడియో తీయవలెనని 2013 సవరణ చెప్పినది; 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య చట్టమును అదే చెప్పుచున్నది. 2023 సెప్టెంబరులో ఒక బధిర న్యాయవాదిని సుప్రీంకోర్టులో సైగల దుబాసి సహాయముతో వాదము వినిపించినది. అచ్చట జరిగినది మన తాలూకా కోర్టులో ఏల జరుగరాదు?

రెండవది కాగితముల పని. ‘సదరం’ సర్టిఫికెట్టు లేనిదే పింఛను లేదు, బస్సు పాసు లేదు, రిజర్వేషను లేదు. క్యాంపునకు తేదీ దొరకుటకే నెలలు పట్టును. శాతము నలువదికి ఒకటి తగ్గినను ద్వారము మూసికొనును. 2025లో ఆంధ్రప్రదేశమున పింఛనుదారులను మరల పరీక్షించి, శాతము తగ్గినదని అనేకులకు నోటీసులిచ్చినప్పుడు మా వరండా చాలలేదు. వారిలో నిజముగా అర్హత లేనివారును ఉండవచ్చును. కాని మంచము దిగలేనివానిని అప్పీలుకొరకు మరల ఆసుపత్రివరకు రమ్మనుట ఏమి పరీక్ష? ఇట్టివారి వెంట మా వాలంటీరొకడు పోవును. ఏ వైద్యుడేమి వ్రాసెనో నకలు తెచ్చును. ఇదియు వకీలు పనియే. నల్లకోటు వేసికొని వాదించు పని మాకు నెలలో నాలుగు దినములు మాత్రమే. తక్కిన దినములన్నియు ఇట్టి పనియే.

ఇచ్చట ఒక పొరపాటు తీర్చవలెను. నలువది శాతము లేనివానికి ఏ హక్కును లేదని కార్యాలయములలో చెప్పుచుందురు. అది నిజము కాదు. నలువది శాతపు నియమము రిజర్వేషను మొదలగు కొన్ని ప్రయోజనములకే చెల్లును. సమానత్వమును, అవసరమైన సర్దుబాటును వికలాంగులందరికిని కలవు. చేయి సహకరింపక వ్రాయలేని ఒక అభ్యర్థి సివిల్ సర్వీసు పరీక్షలో లేఖకుని కోరినప్పుడు, అతని వైకల్యము నలువది శాతపు కొలతకు రాదని నిరాకరించిరి. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసివేసి లేఖకుని ఈయవలెనని తీర్పు చెప్పినది.

మూడవది, దావాకు ముందు ఉత్తరము. ఏ అధికారి ఏ సెక్షను ప్రకారము ఏమి చేయవలెనో ఒక పుటలో మర్యాదగా వ్రాసి పంపుదుము. దానితో కానియెడల వికలాంగుల రాష్ట్ర కమిషనరునకు ఫిర్యాదు. ఆయన సిఫారసుపై మూడు నెలలలో చర్య తీసికొనవలెనని చట్టము. ఆ పిమ్మటనే కోర్టు. ఏలయన కోర్టు దారి దీర్ఘమైనది. రోడ్డు రవాణా సంస్థలో 2014లో చేరిన ఒక డ్రైవరునకు రంగులు గుర్తించు శక్తి లోపించినదని 2016 జనవరిలో ఉద్యోగవిరమణ చేయించిరి. కార్మిక సంఘములతో సంస్థ పూర్వము చేసికొనిన ఒప్పందములో అట్టివారికి వేరుపని చూపవలెనని యున్నది. ఆ పాత కాగితమే అతనిని కాపాడెను. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అతనికి తగిన ఉద్యోగమీయవలసినదని ఆజ్ఞాపించెను. గెలుపు గొప్పదే, కాని తొమ్మిదేండ్లకు పైగా ఆ ఇంట పొయ్యి ఎట్లు వెలిగెనో తీర్పులో వ్రాయబడలేదు. మొదటి వారముననే ఒక ఉత్తరము వ్రాసి సంగతి తేల్చగల వకీలు ప్రతి తాలూకాయందును ఉండవలెను.

నాలుగవది, మా కక్షిదారుల ఫోటోలు పత్రికలలో వేయించము. దుప్పటి ఇచ్చుచు ఫోటో, బండి ఇచ్చుచు ఫోటో మన ఊరికి అలవాటైనవి. దావా గెలిచినవాడు తన ముఖమును ఎవరికి చూపవలెనో తానే నిర్ణయించుకొనును.

ఇక అసలు సంగతి. మా కచ్చేరిలో ఏడేండ్లనుండి ఒక యువ న్యాయవాది పనిచేయుచున్నాడు. అతనికి పుట్టుకనుండి చూపు లేదు. కంప్యూటరు చదివి వినిపింపగా ఫైళ్లు వినును. గడచిన ఏడాది మేము ఆరువారములు జబ్బుపడి మంచమెక్కగా కచ్చేరిని అతడే నడిపెను. మేము తిరిగివచ్చిన దినమున మా రిజిస్టరును మా యెదుట పెట్టి, “అన్నగారూ, ఇది ఎవరైనా నాకు చదివి వినిపించండి అన్నాను. విన్నాక నిద్ర పట్టలేదు” అనెను. ఏమి యుండెనో చెప్పెదము. పేరు, ఊరు, వైకల్యము, తీసికొని వచ్చినవారు, వారి ఫోను నంబరు అని అయిదు గళ్లు. కక్షిదారు ఫోను నంబరునకు గడి లేదు. కక్షిదారు ఏమి కోరెనో వ్రాయుటకు గడి లేదు. ఆ చెల్లెలి దావా తరువాత కట్టుబాట్లు పెట్టుకొని గర్వించిన మేము రిజిస్టరును మాత్రము మార్చలేదు; అన్నగారి నంబరే ఇంకను వ్రాసికొనుచుంటిమి. కోర్టునుండి వచ్చు కబురు, వాయిదా తేదీ, గెలుపు, ఓటమి అన్నియు మొదట ‘తీసికొని వచ్చినవారి’కే చేరుచుండెను. ఇన్నియేండ్లు ఆ పుస్తకమును ప్రతిదినము మేము మా కన్నులతో చూచితిమి. చూపు లేనివాడు ఒక్కసారి విని తప్పు పట్టెను. ఏలయన, “అబ్బాయి ఏమంటాడు?” అని తన సంగతిని తన యెదుటనే ఇతరులను అడుగగా అతడు బాల్యమునుండి వినియున్నాడు.

రాబోవు ఉగాదినుండి కచ్చేరి నాయకత్వమును అతనికి అప్పగింపవలెనని మేము తలచుచున్నాము. మిత్రులలో కొందరు ఒప్పుకొనలేదు. పెద్దవారొకరు, “చూపులేనివాణ్ణి ముందు నిలబెడితే జడ్జీలు జాలిపడతారు, వాదన వినరు” అనిరి. మరియొకరు కాగితములు చూడలేనివాడు కచ్చేరి నెట్లు నడుపుననిరి. ఇవి ద్వేషముతో అనిన మాటలు కావు గనుక సమాధానము చెప్పవలసియున్నది.

సాధన్ గుప్తాగారు చూపులేని బారిస్టరు. 1953లోనే లోక్‌సభకు ఎన్నికైరి. పిమ్మట పశ్చిమ బెంగాలునకు అడ్వొకేటు జనరలైరి. చూపులేనివారిని న్యాయాధికారుల ఉద్యోగములకు రాకుండ చేసిన మధ్యప్రదేశ్ నియమమును 2025 మార్చి 3న సుప్రీంకోర్టు కొట్టివేసినది. వైకల్యము కారణముగా ఎవరినిగాని న్యాయాధికారి పదవికి అనర్హులని చెప్పరాదని తీర్పు. పీఠముపై కూర్చుండి తీర్పు చెప్పదగినవాడు మూడు బల్లలు, నాలుగు బీరువాలు గల మా కచ్చేరిని నడుపజాలడా? 2021 ఏప్రిల్‌లో మన ఆంధ్రప్రదేశమునుండి పోయిన ఒక అత్యాచారపు కేసులో, చూపులేని దళిత యువతి నేరస్థుని గొంతు గుర్తుపట్టి చెప్పిన సాక్ష్యమును సుప్రీంకోర్టు విశ్వసించి, వికలాంగుల సాక్ష్యమును తక్కువగా ఎంచరాదని పలికినది. సాక్ష్యము తక్కువ కానప్పుడు వాదము తక్కువయగునా?

కాగితములు చూడలేడనుట పాక్షికముగా నిజము. కాని ఆ లోపము అతని కన్నులది కాదు, మన కాగితములది. కోర్టు నకళ్లు బొమ్మలవలె స్కాను చేసి ఇత్తురు. కంప్యూటరు వానిని చదువలేదు. తెలుగు అర్జీలను అను ఫాంట్లలో టైపు చేయింతుము. వినిపించునప్పుడు అవి అర్థములేని ఇంగ్లీషు అక్షరములగును. యూనికోడ్‌లో టైపు చేసిన అదే అర్జీని అతడు మాకంటె వేగముగా విని మా తప్పులు దిద్దును. టైపు చేయువారికి రెండు దినముల శిక్షణ చాలును. ఇంత చిన్న అడ్డమును మనము తొలగింపక, దానివలన అతడు అనర్హుడనుట న్యాయమా?

ఇంకొక అడ్డమున్నది, అది మాలోనిది. పదునైదేండ్లు మమ్ము ‘వికలాంగుల వకీలుగారు’ అని ఊరు గౌరవించినది. సభలలో శాలువలు కప్పిరి. ఆ గౌరవమును వదలుకొనుట మేము తలచినంత సులభముగా లేదు. ఆరువారముల జబ్బు రాకయుండినచో ఈ నిర్ణయము ఇంకను వాయిదాపడుచుండెడిదేమో. పరాయివాడు ఎంత మంచివాడైనను మన ఇంటిని మనమే నడుపుకొనవలెనని స్వరాజ్యపు దినములలో మన పెద్దలు వాదించిరి. ఆ వాదము ఒక్క దేశమునకే గాక మా చిన్న కచ్చేరికిని చెల్లును. మేము విరమించుట లేదు; అతని క్రింద జూనియరుగా శనివారములు కూర్చుండెదము. ఫైళ్లు మోయుటకు, పల్లెలు తిరుగుటకు మాకింకను శక్తి కలదు.

తుదకు మీతో మనవి. భవనముల సౌలభ్యమునుగూర్చి హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రము సుప్రీంకోర్టునకు నివేదిక సమర్పించినది. దానిని చూచిన పిమ్మట, తప్పనిసరిగా పాటింపవలసిన ప్రమాణములను ప్రభుత్వము ఏర్పరుపవలెనని 2024 నవంబరు 8న కోర్టు ఆజ్ఞాపించినది. ఢిల్లీ ప్రమాణములు మన ఊరికి చేరువరకు ఈ గ్రంథాలయము ఆగనక్కరలేదు. ముంగిట మూడు మెట్లున్నవి. ప్రక్కగా సిమెంటు వాలుదారి వేయుటకు ఒక మేస్త్రీ, రెండు దినములు చాలును. 1914లో బెజవాడలో మన గ్రంథాలయోద్యమము మొదటి మహాసభ జరుపుకొనినది. 1935లో గుంటూరు జిల్లా కాలువమీద పడవలో పుస్తకములు పెట్టుకొని పాఠకుల రేవులకే పోయినది. పుస్తకము అట్లు పోగలిగినప్పుడు పాఠకుడు లోనికి వచ్చుటకు దారి వేయుట ఎంతపని?

రెండవ మనవి: సైగల భాష నేర్చిన యువకులు ఊరికి ఇద్దరైనను కావలెను. ఇచ్చట సాయంకాలపు తరగతి పెట్టినచో పాఠము చెప్పుటకు బధిరులే సిద్ధముగా నున్నారు. మూడవ మనవి: మీ ఇంటిలోగాని పొరుగునగాని భాగపంపకములు జరుగునప్పుడు, మూలగదిలో నున్న వినలేని చెల్లెలిని, నడువలేని తమ్ముని వరండాలోనికి తీసికొనివచ్చి కూర్చుండబెట్టుడు. కాగితమును వారికే చూపుడు.

మాతో ఏకీభవింపనివారు శనివారము ఉదయము పదిగంటలకు కచ్చేరికి దయచేయుడు. గుమ్మమునకు మెట్టు లేదు. క్రొత్త రిజిస్టరులో ఏడు గళ్లున్నవి; ఆరవది కక్షిదారు ఫోను నంబరు, ఏడవది కక్షిదారు కోరిక. అది వ్రాసిన పిమ్మటనే తక్కినవి వ్రాయుచున్నాము.